తాడ్వాయి అడవి మీదుగా బోగతకి

బోగతకి పోయొచ్చామంటే అందరూ జలపాతం ఎట్లుంది అనే అడుగుతారు. నన్నడిగితే సగం సంబురం దారిలోనే ఉంది. వరంగల్ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. అందులో ములుగు దాకా పత్తి చేలు, లారీలు తప్ప చెప్పుకోవడానికేమీ లేదు.

ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర మాత్రం ఆగాల్సిందే. మేడారం పోయే భక్తులే కాదు, ఈ తోవన పోయే డ్రైవర్లూ ఇక్కడ దండం పెట్టుకునే కదులుతారు. నేను ఆపకుండా పోనిస్తుంటే అమ్మ ఊరుకోలేదు. "గట్టమ్మకు మొక్కకుంట అడవిల అడుగు పెడ్తవా బిడ్డా?" కొబ్బరికాయ కొట్టాకే బండి కదిలింది.

పసర దాటగానే ఏసీ ఆపి అద్దాలు దించేశాం. ఇక్కడి నుంచి ఏటూరునాగారం అభయారణ్యం. రెండు పక్కలా టేకు చెట్లు, వానాకాలం కదా, కొసలన్నీ తెల్లటి పూత. మధ్యమధ్య ఇప్ప, తునికి, నల్లమద్ది. వేగంగా పోతే ఇదంతా ఒట్టి పచ్చగోడ. నలభైలో పోవాలి, వెనక హారన్ కొట్టేవాళ్లకు దారి ఇచ్చేయాలి. 2024 ఆగస్టు ఆఖరులో తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివానకు వేల చెట్లు ఒక్కపూటలో కూలిపోయాయి. రోడ్డు మీద పోయేవాళ్లకు అది అంతగా తెలియదు.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన ఎక్కితే కింద గోదావరి, ఎర్రటి వరద నీళ్లతో. ఈ వంతెన లేని రోజుల్లో అవతలికి పడవైనా ఎక్కాలి, భద్రాచలం చుట్టైనా తిరగాలి. అవతలి ఒడ్డు వాజేడు మండలం, బోగత అక్కడే.

టికెట్ తీసుకుని లోపలికి కొద్ది నడక, అంతే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా ఆగుతూ ఆగుతూ వచ్చేసింది. బోగతది ఎత్తు గొప్ప కాదు, వెడల్పు గొప్ప. చీకుపల్లి వాగు బండల మీదుగా ఎన్నో పాయలై ఒక్కసారే దూకుతుంది. తెలంగాణ నయాగరా అంటారు గానీ, ఆ పోలిక దీనికి అక్కర్లేదు. వరద ఎక్కువని ఆ రోజు నీళ్లలోకి దిగనివ్వలేదు. కుర్రాళ్లు గొణిగారు, నాకైతే అదే మంచిదనిపించింది. ఇదే వైపు అడవిలో ఉన్న ముత్యాలధార జలపాతానికి 2023 జూలైలో పోయిన ఎనభై మందికి పైగా వాగు పొంగి రాత్రి చిక్కుకుపోతే, విపత్తుల్లో కాపాడే ఎన్డీఆర్ఎఫ్ దళం వాళ్లు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది.

స్నానాలు చేయాలనుకునేవాళ్లు వానలు కాస్త తెరిపిచ్చాక, సెప్టెంబరు ఆఖరులోనో అక్టోబరులోనో పోతే నయం, నీళ్లూ తేటగా ఉంటాయి. హోరు వినాలంటే ఆగస్టే. ఎప్పుడు పోయినా నాలుగింటికల్లా తిరుగుముఖం పట్టండి. అడవి మలుపుల్లో చీకటి పడితే పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి.