తాగుడు మానే మొదటి నాలుగు రోజులు

అప్పుల పాలైన పత్తి రైతు ప్రాణం తీసుకుంటే ఊళ్లో ముందుగా వినబడే మాట ‘తాగుడుకు పోయినోడే కదా’. విచారణకు వచ్చినవాళ్లూ అదే రాసుకుంటే అప్పు సంగతి పక్కకు పోతుంది. ఇది అన్యాయం. మూడు రూపాయల మిత్తికి 2 లక్షలు తెస్తే నెలకు మిత్తే 6,000. కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు, బ్యాంకు అప్పు దొరకడం కష్టం. నిద్ర కోసం తాగడం మొదలుపెడతాడు. ఆ నిద్ర కూడా నిలవదు. అర్ధరాత్రి మెలకువ వచ్చి దిగులు ఇంకా పెరుగుతుంది.

ఇంట్లోవాళ్లు ఒట్టు పెట్టించో, మాల వేయించో ఒక్కసారిగా మాన్పించాలని చూస్తారు. రోజూ ఎక్కువగా తాగే మనిషికి ఇది ప్రమాదం. మానిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడుతున్నాయన్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటూ కూర్చోవద్దు. ప్రాణం పోయే స్థితి అది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందే డాక్టరుకు చూపిస్తే మాత్రలు మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ పెట్టించేస్తారు చాలామంది. బీ1 విటమిన్ పడకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే తాగుడు సంగతి దాచకూడదు.

కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. అందులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరస కట్టింది అందుకే. కల్లా, సారానా, బ్రాందీనా, రోజుకెంత, చివరిగా ఎప్పుడు తాగాడు, అన్నీ డాక్టరుకు చెప్పండి.

చావు ఆలోచన చాలాసార్లు ఉధృతంగా వచ్చి కాసేపటికి తగ్గుతుంది. మత్తులో ఉన్నవాడికి ఆ కాసేపు ఆగే ఓపిక ఉండదు. కాబట్టి ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు ఉండకూడదు. పిచికారీకి ఎంత కావాలో అంతే తెచ్చుకోవాలి. మిగిలితే వేరేవాళ్ల దగ్గర తాళం వేసి పెట్టాలి, తాళంచెవి అతని చేతికి రాకూడదు. శ్రీలంక 1990ల నుంచి బాగా విషపూరితమైన మందులను వరసగా నిషేధించింది. అక్కడ ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి, దిగుబడి మాత్రం పడిపోలేదు. మన దగ్గర ఈ పని ఇంత నెమ్మదిగా సాగడం బాధాకరం.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా 14416, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఏదైనా మింగాడని అనుమానం వస్తే పేడనీళ్లు, ఉప్పునీళ్లు పట్టొద్దు, వాంతి చేయించొద్దు. 108కి చెప్పి, మందు డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందని భయపడి ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష ఉండదు. చికిత్స అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.