జైల్లో ఉన్న షుగర్ పేషెంటుకు వైద్యం అందేలా చూడటం: నా అనుభవం

మా మేనమామకు చాలా ఏళ్లుగా షుగర్. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్. ఎడమ కాలి బొటనవేలి కింద ఒక పుండు ఉంది, మానినట్టే మాని మళ్లీ రేగుతుంది. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తూ చీటీలు కూడా నడిపేవాడు. ఆ చీటీలు మునిగాయి, కేసు పెట్టారు, రిమాండ్‌కు పంపారు. ఆయన తప్పెంతో కోర్టు తేలుస్తుంది. డబ్బు పోగొట్టుకున్న వాళ్లలో మా వీధి వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి నేను ఆ సంగతి జోలికి వెళ్లను. కేసు ఇంకా నడుస్తోంది, అందుకే ఏ జైలు, ఏ ఆసుపత్రి అన్నది కూడా రాయడం లేదు. లోపలున్న మనిషికి మందు, పరీక్ష, డాక్టరు అందాలంటే బయటున్న ఇంటివాళ్లు ఏం చేయాలో అది మాత్రం రాస్తాను. నేను కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో పని చేస్తాను, రిపోర్టులు, డాక్టర్లు నాకు రోజూ ఉండేవే, అయినా ఈ వ్యవహారంలో మొదటి వారమంతా నాకు ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

మొదటి అవకాశం అరెస్టు రోజే వస్తుంది. అరెస్టు చేసిన మనిషిని వెంటనే ప్రభుత్వ డాక్టరుకు చూపించాలి, పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) అది 54వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 53. ఆ రిపోర్టు కాపీని అరెస్టయిన మనిషికి గానీ ఆయన చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మామూలుగా ఆ పరీక్షలో ఒంటి మీద దెబ్బలున్నాయా లేదా అనే చూస్తారు, బీపీ పట్టుకుని సంతకం పెట్టేస్తారు. మా అత్త ఏడుస్తూనే అయినా పాత ఫైలు సంచిలో పెట్టుకుని క్యాజువాలిటీకి వెళ్లింది, డ్యూటీ డాక్టరుకు చూపించింది, ఆయన 'షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నాడు, కాలికి పుండు' అని రాశాడు. ఆ ఒక్క వాక్యం తర్వాత మాకు ఎన్నిచోట్ల పనికొచ్చిందో. మేజిస్ట్రేటు గారి ముందు కూడా లాయరు చేత ఆ మాట చెప్పించి రికార్డు చేయించాం.

జైల్లోకి వెళ్లగానే అక్కడి డాక్టరు మళ్లీ పరీక్ష చేస్తారు. కొత్తగా వచ్చిన ఖైదీని ఏమేం చూడాలో జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లోనే ఒక నమూనా ఫారం ఇచ్చింది. మేం పాత ప్రిస్క్రిప్షన్లు, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రిపోర్టులు జిరాక్స్ తీయించి, సూపరింటెండెంట్ గారి పేరు మీద ఒక అర్జీ పెట్టి, దాని రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ముద్ర వేయించుకోవడం మాత్రం ఎవరూ మరిచిపోవద్దు. గేటు దగ్గర నోటితో చెప్పింది అక్కడి వరకే, ఆ డ్యూటీలో ఉన్న మనిషి మారితే పోయింది. మంచివాళ్లున్నా అంతే, వాళ్లకూ రోజుకు ఎంతమంది చెప్తారో. ఇంటి నుంచి మందులు ఇవ్వాలంటే జైలు డాక్టరు ఒప్పుకోవాలి, లేకపోతే కోర్టులో చిన్న పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకోవాలి. మేం రెండోదే చేశాం, ఎందుకంటే ఆయన వాడే రకం ఇన్సులిన్ అప్పటికి లోపల లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలని అర్జీలోనే రాయండి, గుంటూరు ఎండలు తెలుసుగా.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ములాఖత్‌లో మావయ్య, 'రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టి వణికిపోతున్నానమ్మాయ్, పక్కనున్న కుర్రాడు బిస్కెట్లు తినిపిస్తే గానీ తేరుకోలేదు' అన్నాడు. అది లో షుగర్ అని వెంటనే అర్థమైంది, ఎందుకో అర్థం కాలేదు. మెల్లగా అడిగితే తేలింది. జైల్లో సాయంత్రం భోజనం చాలా పెందలాడే పెట్టేస్తారు, చీకటి పడకముందే లెక్క చూసి బ్యారక్‌లో పెట్టి తాళం వేస్తారు. ఇన్సులిన్ దానికి ముందే పొడుస్తారు. కానీ అందరిలాగే మావయ్య కూడా అన్నం గిన్నె మూతపెట్టుకుని ఎనిమిదికో ఎనిమిదిన్నరకో తినేవాడు, ఐదింటికి ఎవరికి ఆకలేస్తుంది చెప్పండి. మిక్స్‌డ్ ఇన్సులిన్ చేసుకుంటే అరగంటలో తినాలి. ఆయన మూడు గంటలు ఆగుతున్నాడు. పైగా తిన్నా కూడా తెల్లారేవరకు కడుపులో ఇంకేమీ పడదు. జైలు డాక్టరుకు ఇది తెలియక కాదు, ఖైదీ ఎప్పుడు తింటున్నాడో ఆయనకు ఎవరు చెప్పాలి?

మావయ్యను ఇన్నేళ్లుగా చూస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్లి విషయం మొత్తం చెప్తే, సాయంత్రం డోసు ఎంత తగ్గించవచ్చో, పడుకునే ముందు ఏదైనా తినాలనీ లెటర్ హెడ్ మీద రాసిచ్చాడు. బయటి డాక్టరు చెప్పినట్టు జైలు డాక్టరు చేసి తీరాలని రూలేమీ లేదు, అందుకే కింద 'తమరు పరిశీలించగలరు' అని మర్యాదగా రాయించాం. ఆయన చూశారు, డోసు తగ్గించారు, మెడికల్ డైట్ కింద రాత్రికి రొట్టె రాశారు. జైలు డాక్టరుకు ఆ అధికారం ఉంటుంది, ఖైదీకి జబ్బును బట్టి వేరే ఆహారం రాయవచ్చు. ఇంట్లో వాళ్లు అడగరు, ఖైదీలకు భయం. మావయ్యకు మాత్రం ఒకటే చెప్పాను, అన్నం పెట్టగానే సగం తిను, మిగతా సగం దాచుకో.

ఇక కాలి పుండు. అది లోపల తేలే పని కాదని జైలు డాక్టరు బయటి ఆసుపత్రికి రిఫర్ చేశారు, అందులో ఆలస్యం లేదు. ఆలస్యమంతా ఎస్కార్ట్ దగ్గర. ఖైదీని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే జైలు నుంచి లెటరు వెళ్లాలి, కాపలాగా పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి మనుషులు రావాలి. మాది రాజధాని పక్కనున్న ఊరు. వెలగపూడిలో అసెంబ్లీ జరిగినా, ఏ పెద్దాయన వచ్చినా బందోబస్తుకు మనుషులు కావాలి, అలాంటప్పుడు ఆసుపత్రి ఎస్కార్ట్ వాయిదా పడుతుంది. కాలి పుండు వాయిదా పడదు కదా. ఒకసారి ఎస్కార్ట్ వచ్చింది గానీ ఆసుపత్రికి చేరేసరికి ఓపీ చీటీలు ఇవ్వడం ఆపేశారు. సర్జరీలో డాక్టర్లు యూనిట్లుగా, అంటే బృందాలుగా ఉంటారు, ఒక్కో యూనిట్‌కు ఒక్కో రోజు ఓపీ. ఇంకోసారి వెళ్లిన రోజు మాకు కావాల్సిన యూనిట్ ఓపీ కాదు, వేరే యూనిట్ డాక్టరు చూసి రక్త పరీక్షలు రాసి, రిపోర్టులతో రమ్మన్నాడు. మళ్లీ రావడమంటే మళ్లీ లెటరు, మళ్లీ ఎస్కార్ట్. పేషెంటు చేతుల్లో ఏమీ లేదు. జైలు వాళ్ల పని లెటరు పంపడంతో అయిపోతుంది, పోలీసుల పని తీసుకెళ్లి తీసుకురావడంతో అయిపోతుంది, డాక్టరు పని ఎదురుగా కూర్చున్న మనిషిని చూడటంతో అయిపోతుంది. ఈ ముగ్గురి మధ్యలో కబురు మోసే మనిషి ఎవరూ లేరు, అది ఇంటివాళ్లే చేయాలి. నేను ఈ అనుభవం రాయడానికి కారణం కూడా అదే.

కాబట్టి నేను ఆసుపత్రికి వెళ్లి సర్జరీలో ఏ యూనిట్‌కు ఏ రోజు ఓపీ, చీటీలు ఎన్నింటికి ఆపుతారు, మొదటిసారి చూసేటప్పుడే ఏ పరీక్షలు కావాలంటారు అని కనుక్కుని వచ్చాను. మావయ్య ఏ రోజు వస్తాడని అడగలేదు, ఆ తేదీ ఇంటివాళ్లకు చెప్పరు, భద్రత కోసం చెప్పకూడదు కూడా. నేను కనుక్కున్నదంతా అర్జీలో పెట్టాను: వారంలో ఫలానా రోజు అయితే ఒకే డాక్టరు చూస్తారు, రక్త పరీక్షలు ముందే లోపల చేయిస్తే రెండో ఎస్కార్ట్ అక్కర్లేదు. రెండో ఎస్కార్ట్ అక్కర్లేదన్న మాట చదివి జైలు ఆఫీసులో అర్జీ తీసుకున్న ఆయన ముఖం వెలిగింది. మన బాధ చెప్తే వినేవాళ్లు కొందరే, వాళ్ల పని తగ్గుతుందంటే అందరూ వింటారు.

అయినా దాంతోనే కాలేదు, కోర్టు కూడా కావాల్సి వచ్చింది. అప్పటికి మొదటి లాయరు ప్రతి పిటిషన్‌కూ వేరే ఫీజు అంటున్నాడు, మా అత్త గాజులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. మామూలు జనంలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. జైల్లోనే లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, శిక్ష పడిన ఖైదీల్లో చదువుకున్నవాళ్లకు శిక్షణ ఇచ్చి పారా లీగల్ వాలంటీర్లుగా, అంటే లాయర్లు కాకపోయినా న్యాయ సహాయం చేసేవాళ్లుగా పెడతారు. మావయ్య దరఖాస్తు రాసిపెట్టింది అలాంటి ఆయనే. బయటి నుంచి అయితే జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. 'ఉచిత లాయరంటే ఏం పట్టించుకుంటాడే' అని అత్త నసిగింది. వచ్చింది ఒక చిన్నమ్మాయి, నాకంటే చిన్నదే ఉంటుంది, ఫైలు మొత్తం చదివి నన్ను పుండు ఎన్ని సెంటీమీటర్లుందని అడిగింది. డబ్బు తీసుకున్న ఆయన ఏనాడూ అది ఎడమ కాలో కుడి కాలో కూడా అడగలేదు.

ఆ అమ్మాయి బెయిలు జోలికి వెళ్లకుండా ముందు ఒక పిటిషన్ వేసింది: ఖైదీని ఆసుపత్రిలో చూపించి, వచ్చే వాయిదా లోపు మెడికల్ రిపోర్టు పంపేలా సూపరింటెండెంట్‌ను ఆదేశించాలని. కోర్టు ఒప్పుకుంది. గడువు పడ్డాక ఎస్కార్ట్ దొరికింది, టైముకే వచ్చింది.

ఆ రోజు వస్తారేమోనని ఓపీ దగ్గర ఫైలు పట్టుకుని ఉన్నాను, నా అదృష్టం, వచ్చారు. మావయ్యతో మాట్లాడకూడదు, ఏమీ ఇవ్వకూడదు. హెడ్ కానిస్టేబుల్ గారిని దండం పెట్టి అడిగితే, 'ఫైలు డాక్టరు గారి చేతికివ్వమ్మా, ఆయనకు మాత్రం మంచినీళ్లు కూడా ఇవ్వకు' అన్నాడు. న్యాయమే. లోపల నాకు చిత్రంగా అనిపించింది ఏమిటంటే డాక్టరు ప్రశ్నలన్నీ కానిస్టేబుల్‌ను అడుగుతున్నాడు. 'ఎన్నాళ్ల నుంచి? జ్వరం ఉందా?' అని. కానిస్టేబుల్‌కు ఏం తెలుసు పాపం, ఆయన మావయ్యను చూసింది ఆ పొద్దున్నే. మావయ్య తల దించుకుని కూర్చున్నాడు. అప్పుడు ఫైలు అందించి పాత రిపోర్టు తేదీలు చెప్పాక డాక్టరు ఆయన వైపు తిరిగి, 'ఏవయ్యా, కాలికి స్పర్శ తెలుస్తోందా' అని అడిగాడు. తెలియడం లేదు. ఎముక దాకా పోయిందేమోనని ఎక్స్‌రే తీసి అదే రోజు అడ్మిట్ చేసుకున్నారు, కుళ్లిన చర్మం తీసేశారు.

వార్డులో రెండో కాలికి గొలుసు వేసి మంచానికి కట్టారు. ఆసుపత్రి మంచాలకు ఖైదీలను అలా కట్టడం తప్పని 1995లో సుప్రీంకోర్టు అస్సాం కేసులో చెప్పింది, అసలు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా సంకెళ్లే వేయకూడదంది. ఆ మాట అక్కడ తుపాకీ పట్టుకున్న మనిషితో వాదిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను డ్యూటీ డాక్టరును పట్టుకున్నాను. షుగర్ వల్ల రెండు కాళ్లకూ స్పర్శ లేదు, గొలుసు ఒరుసుకుంటే ఇంకో పుండవుతుంది అని చెప్తే ఆయన కేస్ షీటులో రాశాడు, గొలుసు తీసి తలుపు దగ్గర కాపలా పెట్టుకున్నారు.

డిశ్చార్జి సమ్మరీ మన చేతికి ఇవ్వరు, ఎస్కార్ట్‌తో జైలుకు వెళ్తుంది. మాకు అది కోర్టుకు వచ్చిన రిపోర్టుతో పాటు లాయరు ద్వారా చేరింది. బెయిలుకు అదే పట్టు దొరికింది. పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్‌లో జబ్బుపడినవాళ్లకు, బలహీనంగా ఉన్నవాళ్లకు బెయిలు ఇవ్వవచ్చని ఉంది, కానీ జబ్బు ఉన్నంత మాత్రాన ఇచ్చేయరు. ప్రభుత్వ లాయరు లేచి లోపల వైద్యం అందుతోంది కదా అంటాడు, అన్నాడు కూడా. అప్పుడు మనం చూపించాల్సింది లోపల అందనిది ఏమిటో. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, కాలి మీద బరువు పడకుండా ఉండటం, రక్తనాళాల సర్జన్‌కు చూపించడం అని సమ్మరీలో ఉంది. చివరిదానికి ప్రతిసారీ ఎస్కార్ట్ కావాలి, గతంలో ఎన్ని తప్పిపోయాయో మా ముద్రలున్న అర్జీల కాపీలే చెప్పాయి. ముందు వైద్యం కోసం కొన్నాళ్లకు మధ్యంతర బెయిలు, ఆ తర్వాత మామూలు బెయిలు ఇచ్చారు.

ఇంకొక్క విషయం. విడుదలయ్యే రోజు సాయంత్రం పొద్దుపోయాక గేటు దాటాడు, చేతిలో ఇన్సులిన్ లేదు, లోపల ఎంత డోసు మీద ఉన్నాడో సరిగ్గా చెప్పలేకపోయాడు. విడుదల ఆర్డరు వచ్చిందని తెలియగానే జైలు డాక్టరును ఇప్పటి మందుల చీటీ రాసివ్వమని అడగండి. ఇక బెయిలు షరతుల్లో వారానికి రెండు రోజులు స్టేషన్‌లో సంతకం అని పెట్టారు, ఆ రెండు రోజులూ డ్రెస్సింగ్ రోజులే, స్టేషన్‌లో ఎంతసేపు కూర్చోబెడతారో మన చేతుల్లో ఉండదు. అదే లాయరమ్మాయి డ్రెస్సింగ్ చీటీ జతచేసి షరతు మార్చమని పిటిషన్ వేసింది. ఇప్పుడు సంతకం వారానికి ఒక్కరోజు, ఆదివారం. మేం వెళ్లే డ్రెస్సింగ్ గదికి ఆదివారం ఎలాగూ సెలవే.