ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా

నేను స్వయంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి ఇంజన్ బిగించిన 14 నెలల తర్వాత గాని దాన్ని మొదటిసారి తిప్పే రోజు రాలేదు. అది లైకమింగ్ ఓ-320 ఇంజన్: నాలుగు సిలిండర్లు, 150 హార్స్‌పవర్, కార్బ్యురేటర్ రకం. ఓవర్‌హాల్ అయ్యాక లోపల తుప్పు పట్టకుండా నిల్వ నూనె పట్టించి పంపించారు. పై స్పార్క్ ప్లగ్గుల స్థానంలో నీలి రంగు సిలికా జెల్ గుళికలు నింపిన పారదర్శకమైన ప్లగ్గులు బిగించి ఉంటాయి. లోపలికి తేమ చేరితే ఆ గుళికలు గులాబీ రంగుకు తిరుగుతాయి. వైరింగు పనిలో ఎంత మునిగి ఉన్నా వారానికోసారి వాటి రంగు చూడడం నేను మానలేదు.

ఈ జాగ్రత్తకు కారణం సిలిండర్ల వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్. ఈ ఇంజన్‌లో అది క్రాంక్ షాఫ్ట్‌కు పైన ఉంటుంది; ఇంజన్ తిరుగుతున్నప్పుడు కింద నుంచి చిమ్మే ఆయిల్ తుంపరలే దాని లోబులను, అంటే దాని మీది ఉబ్బులను, తడుపుతాయి. చాలాకాలం కదలకుండా ఉన్న ఇంజన్‌లో ఆ పైభాగం మీది ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. అలా పొడిబారిన ఇంజన్‌ను ఒక్కసారిగా స్టార్ట్ చేస్తే లోబుల మీదా, వాటికి ఆనుకుని కదిలే ట్యాపెట్ల మీదా పడే గీతలు ఆ రోజు ఎవరికీ కనబడవు, కొన్ని వందల గంటల తర్వాత ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజనుగా బయటపడతాయి. అందుకే మొదటి స్టార్ట్‌లో నేను ఎదురుచూసింది ఇంజన్ చప్పుడు కోసం కాదు, ఆయిల్ ప్రెషర్ ముల్లు కోసం.

దానికి ముందు ఇంధనం సంగతి తేల్చుకోవాలి. పంపు సాయంతో ఇంధనం అందే విమానంలో, టేకాఫ్ సమయంలో ఇంజన్ తాగే దానికి కనీసం 125 శాతం ఇంధనం కార్బ్యురేటర్ దాకా చేరాలన్నది అందరూ పాటించే లెక్క. నా ఇంజన్‌కు అది గంటకు సుమారు 65 లీటర్లు, అంటే నిమిషానికి లీటరు కంటే కాస్త ఎక్కువ. ముక్కు చక్రం కింద దిమ్మెలు పెట్టి, విమానం పైకెక్కేటప్పుడు ఉండే కోణానికి ముందు భాగాన్ని లేపి, కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి, కొలపాత్రలోకి పట్టి చూశాము. ఎడమ ట్యాంకు మొదటిసారే నెగ్గింది. కుడి ట్యాంకు వైపు వడపోత జాలీకి తెల్లటి సీలెంటు పలుకులు పట్టి ఉన్నాయి. ట్యాంకును రెండుసార్లు కడిగాక అది కూడా సరిపడా ఇచ్చింది.

ఆ తర్వాత కింది ప్లగ్గులు తీసి, ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి, సిలిండర్లలో చేరిన నిల్వ నూనెను బయటికి కార్చేశాము. ఇది చేయకుండా స్టార్టర్ నొక్కితే, పిస్టన్ పైన నిండిన నూనె నలగక కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. కొత్త రింగులు సిలిండర్ గోడలకు ఒదగాలి కాబట్టి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో ఏ మిశ్రమమూ కలపని మినరల్ ఆయిల్ పోశాను.

ప్లగ్గులు లేకుండా, వాటికి నిప్పురవ్వ కోసం కరెంటు పంపే రెండు మాగ్నెటోలను ఆఫ్‌లో ఉంచి, ఇంధనం మూసి, స్టార్టర్‌తో ఇంజన్‌ను తిప్పి ముందుగా ఆయిల్ ప్రెషర్ తెచ్చుకోవడం తర్వాతి పని. కంప్రెషన్ ఉండదు గనుక బేరింగుల మీద భారం పడదు. 10 సెకన్లు తిప్పాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. స్టార్టర్ చల్లారనిచ్చి మళ్లీ తిప్పాను, మూడోసారీ తిప్పాను. ముల్లు కదలలేదు.

నా అనుమానం వెంటనే గేజి మీదికి పోయింది, ఎందుకంటే ఆ వైరింగు నేనే చేశాను. నాకు సాయంగా వచ్చిన పెద్దాయన జీవితమంతా విమానాల ఇంజన్లతో గడిపిన మెకానిక్. "గేజి సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు అక్కడిదాకా ఆయిల్ వస్తోందో లేదో చూడు" అన్నారాయన. ఇంజన్ వెనక ప్రెషర్ గొట్టం విప్పి, ఆ కన్నం కింద తెల్లటి గుడ్డ పట్టుకుని, నన్ను మళ్లీ స్టార్టర్ నొక్కమన్నారు. 10 సెకన్ల తర్వాత గుడ్డ తీసి చూపించారు. దాని మీద చుక్క కూడా పడలేదు.

గేజి నిజమే చెప్పింది. ఈ ఆయిల్ పంపులో ఉండేది రెండు గేర్లు మాత్రమే. వాటి పళ్ల మధ్య సన్నని ఆయిల్ పొర ఉంటేనే అది సంపులోని ఆయిల్‌ను పైకి లాగగలదు. అన్ని నెలల్లో ఆ పొర ఆరిపోయి, గేర్లు ఊరికే గాలిని తిప్పుతున్నాయి. స్టార్ట్ చేసేస్తే ఆ వేగానికి ప్రెషర్ అదే వస్తుందని అక్కడున్న మరొక మిత్రుడు సలహా ఇచ్చాడు. రావచ్చు, కానీ వచ్చేలోపు ఆ క్యామ్ షాఫ్ట్ ఎన్ని వందల చుట్లు పొడిగా తిరగాలో తలచుకుంటే నాకు మనసొప్పలేదు. పంపు నుంచి ఆయిల్ కూలర్‌కు వెళ్లే గొట్టాన్ని కూలర్ దగ్గర విప్పి, దాన్ని ఎత్తుగా పట్టుకుని, చిన్న గరాటుతో శుభ్రమైన ఆయిల్ పోశాము. ముందు బుడగలు వచ్చాయి, తర్వాత ఆయిల్ మెల్లగా దిగసాగింది. అది ఇక దిగకుండా నిలిచాక గొట్టం బిగించి, ఆ రాత్రికి పని ఆపేశాము.

ఆ రాత్రి నాకు పదేపదే చార్లీ టేలర్ గుర్తుకొచ్చారు. రైట్ సోదరుల మొదటి విమానానికి దాదాపు ఆరు వారాల్లో ఇంజన్ తయారుచేసిన మనిషి ఆయన. 1903 ఫిబ్రవరిలో పరీక్షలు మొదలైన మర్నాడే, కారిన పెట్రోలు బేరింగుల మీద పడి అవి పట్టేసి, క్రాంక్‌కేస్ పగిలిపోయింది. కొత్త పోత తెప్పించుకుని మళ్లీ ఇంజన్ నిలబెట్టేసరికి వసంతం గడిచిపోయింది. అంతటి పనివాడికే అది తప్పలేదంటే, ఒక్క రాత్రి ఆగడం నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

మర్నాడు ఉదయం రెండో ప్రయత్నంలో, ఎనిమిదో సెకను దగ్గర ముల్లు ఒక్కసారి వణికి 20 దాటి 35 పీఎస్ఐ దగ్గర నిలిచింది. మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ప్లగ్గులు బిగించడానికి వెళ్లారు.

బ్రేకులను ఇంకా పరీక్షించలేదు కాబట్టి చక్రాలకు దిమ్మెలు వేసి, తోకను నేలలో పాతిన కొక్కేనికి తాడుతో కట్టాము. మంటలార్పే సిలిండర్ కార్బన్ డయాక్సైడ్ రకంది, ఎందుకంటే పొడి రకం అల్యూమినియాన్ని తినేస్తుంది. దాన్ని పట్టుకున్న మనిషి రెక్క చివర నిలబడ్డాడు. ప్రొపెల్లర్ ముందు గాని, అది తిరిగే తలానికి తిన్నగా పక్కన గాని ఎవరూ లేరని చూసుకుని గట్టిగా కేక వేశాను. ఇంధనం పాళ్లు మార్చే మిక్శ్చర్ మీటను పూర్తిగా ముందుకు తోసి, థ్రాటిల్ అర సెంటీమీటరు తెరిచి, ప్రైమర్ మూడుసార్లు నొక్కి, తాళం తిప్పాను. ప్రొపెల్లర్ రెక్కలు రెండుసార్లు కళ్ల ముందు నుంచి దాటాయి. మూడోసారి దాటలేదు, మాయమైపోయాయి. ఇంజన్ అందుకుంది.

30 సెకన్లలోపు ప్రెషర్ రాకపోతే ఆపేయాలన్నది నియమం. నాకు ఏడు సెకన్లలో 60 వచ్చింది, తర్వాత 80 దగ్గర స్థిరపడింది. క్యామ్ షాఫ్ట్‌కు తుంపరలు బాగా అందాలని వేగాన్ని నిమిషానికి 1,100 చుట్ల దగ్గర ఉంచాను. ఇంజన్‌ను కప్పే కౌలింగ్ ఇంకా లేదు గనుక సిలిండర్ల చుట్టూ గాలి సరిగా తిరగదు. అందుకే రెండు నిమిషాలకు మించి నడపకూడదని ముందే అనుకున్నాను. ఆ వ్యవధి ముగుస్తుండగా మాగ్నెటోలు చూశాను. తాళాన్ని కుడి స్థానానికి తిప్పితే ఎడమ మాగ్నెటో ఆగి కుడిదొక్కటే పనిచేయాలి; అలా తిప్పితే వేగం కాస్త తగ్గింది. ఎడమ స్థానానికి తిప్పితే వేగం చూపే ముల్లు కదలనే లేదు. తెలియనివారికి అది మంచి ఇంజన్ లక్షణంలా కనిపిస్తుంది గాని, కుడి మాగ్నెటో అసలు ఆగడం లేదని దాని అర్థం. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి ఒక్క క్షణం ఆఫ్ పెట్టాను. ఇంజన్ అలాగే నడుస్తోంది. మిక్శ్చర్ వెనక్కి లాగితే వేగం ఓ 30 చుట్లు పెరిగి, ఆ తర్వాత ఇంజన్ ఆగింది. ఆ చిన్న పెరుగుదల ఐడిల్ మిక్శ్చర్ సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు.

కాని ప్రొపెల్లర్‌ను ఎవరూ తాకవద్దని కేక వేశాను. మాగ్నెటోకు బ్యాటరీ అవసరం లేదు. ఆఫ్ చేయడమంటే దాని తీగను ఇంజన్ బాడీకి కలపడమే, ఆ తీగ ఊడితే మాగ్నెటో ఎప్పుడూ బతికే ఉంటుంది. అప్పుడు ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినా ఇంజన్ అందుకోవచ్చు. పెద్దాయన ముందుగా ప్లగ్ తీగలన్నీ ఊడదీసి, ఆ తర్వాతే కుడి మాగ్నెటో దగ్గరికి వెళ్లి, దాని తీగను రెండు వేళ్లతో మెల్లగా లాగారు. రింగు టెర్మినల్ మాగ్నెటోకే ఉండిపోయింది, తీగ ఆయన చేతిలోకి వచ్చేసింది. అది తీగ మీద టెర్మినల్‌ను నొక్కి నేను చేసిన క్రింపే. మీటరుతో చూసినప్పుడు కలిసే ఉంది. లాగి చూడాలని మాత్రం నాకు తోచలేదు. ఆ మధ్యాహ్నమంతా ఇంజన్ గదిలోని ప్రతి టెర్మినల్‌నూ లాగి చూశాను. మరొకటి కూడా ఊడింది.

సాయంత్రం రెండోసారి స్టార్ట్ చేసినప్పుడు ఎడమ, కుడి రెండు స్థానాల్లోనూ వేగం తగ్గింది. ఆఫ్ పెట్టిన క్షణంలో ఇంజన్ గొంతు పూర్తిగా తెగింది, వెంటనే తాళం తిప్పితే మళ్లీ అందుకుంది. ఆపాక టార్చిలైటు వేసి వెతికితే, రెండో సిలిండర్ రాకర్ కవర్ అంచున సన్నటి ఆయిల్ చెమ్మ తప్ప ఎక్కడా కారడం లేదు. ఇంజన్ లాగ్ పుస్తకంలో రెండు పరుగులు, మొత్తం నాలుగు నిమిషాలు అని రాశాను. తక్కువ వేగంలో ఊరికే తిప్పుతూ ఉంటే రింగులు ఒదగకుండా సిలిండర్ గోడలు నునుపెక్కిపోతాయి కాబట్టి, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బ్యాఫిళ్లు, కౌలింగ్ బిగించేదాకా దాన్ని మళ్లీ స్టార్ట్ చేయకూడదని నిశ్చయించుకుని, తాడు విప్పి విమానాన్ని లోపలికి నెట్టాము.