మూడు నిమిషాల నలభై సెకన్లు

మన బడి పూర్వ విద్యార్థుల కలయిక సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "నీకు నచ్చింది రాయి, రెండు పేజీలు దాటొద్దు, పదో తారీకులోగా పంపాలి" అన్నారు. పెరుగు క్యారేజీ గొడవ, ఇన్‌స్పెక్షన్ రోజు మేకపిల్ల, తూము దగ్గర బజ్జీల పందెం ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు. నాకు మాత్రం మన బడి అనగానే డ్రిల్లు మాస్టారే గుర్తొస్తారు. ఆయన గురించి రాయాలంటే ఈతగత్తె ఆరతీ సాహా గురించి రాయక తప్పదు.

వాన పడి గ్రౌండు చిత్తడయితే మనందరినీ పొడుగు వరండాలో కూర్చోబెట్టి మాస్టారు ఆ కథ మొదలుపెట్టేవారు కదా. కలకత్తా, హుగ్లీ నది, చంపాతలా ఘాటు. తల్లి లేని నాలుగేళ్ల పిల్ల బాబాయితో స్నానానికి వెళ్లి ఈత పట్టేసింది. అది చూసి వాళ్ల నాన్న హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్చాడు. 1946లో, ఐదేళ్ల వయసులో, మొదటి బంగారు పతకం. ఆమెకు మెళకువలు నేర్పిన గురువు సచిన్ నాగ్ సామాన్యుడా! 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచినవాడు. ఆసియా క్రీడల్లో మన దేశానికి అదే మొట్టమొదటి స్వర్ణం. ఈ పేర్లూ సంవత్సరాలూ మాస్టారు ఎంత చనువుగా చెప్పేవారంటే, ఆరతి మన బడిలోనే మనకన్నా ముందు చదివి వెళ్లిన అక్క అనుకున్నాం. "ఏ సెక్షనండీ మాస్టారూ?" అని మన జడగంటల పిల్ల అడిగింది కూడా.

ఏలూరు కాలువలో మన ఊరి మగపిల్లలు ఎప్పుడూ ఈదేవాళ్లే. ఆడపిల్లలు రేవు మెట్ల మీద నడుం లోతు దాకా దిగి, బిందె నింపుకుని వచ్చేయాలి. జూన్‌లో కాలువ వదిలిన వారానికి మాస్టారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. "అమ్మాయిని పొద్దున్నే రేవుకి పంపండి, నేనుంటాను, మా ఆవిడా ఉంటుంది" అన్నారు మా నాన్నగారితో. మా నాయనమ్మ లోపలి నుంచే "ఆడపిల్లకి ఈతెందుకయ్యా?" అంది. "కాలువ పక్కన పుట్టిన పిల్ల కదమ్మా, ఈత రాకపోతేనే భయపడాలి" అన్నారాయన. ఆ రోజు మా ఇంట్లో కాఫీ కూడా తాగలేదు. ఇంకా తిరగాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయన్నారు.

మాస్టారిగారి భార్య రేవు మెట్ల మీద తువ్వాళ్లు పట్టుకుని కూర్చునేవారు. పరికిణీలు కచ్చపోసి, వీపుకి జీలుగ బెండ్లు కట్టుకుని దిగేవాళ్లం. మాస్టారు కొబ్బరి తాడు ఒక కొస మన నడుముకి కట్టి రెండో కొస తన చేతికి చుట్టుకునేవారు. నీళ్లలోకి దిగే ముందు వరండాలో బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి కాళ్లు నేర్పించేవారు. మడమలు పిరుదుల దగ్గరికి రావాలి, పాదాలు బయటికి తిరగాలి, నీళ్లని చుట్టి వెనక్కి తన్నాలి, తన్నాక ఒక్క క్షణం సాగి ఉండాలి. ఆ క్షణం ఆగకుండా చేతులు కదిపితే అరికాలి మీద విజిల్ తాడుతో చిన్న దెబ్బ పడేది. మొదట నేర్పింది కప్ప ఈతే, ఎందుకంటే ఆరతి ఒలింపిక్స్‌లో పోటీ చేసింది బ్రెస్ట్ స్ట్రోక్‌లో. 1952, హెల్సింకి. స్వతంత్రం వచ్చాక మన దేశం మొదటిసారి ఆడవాళ్లని ఒలింపిక్స్‌కి పంపింది, నలుగురిని. అందులో ఆరతి అందరికన్నా చిన్నది, ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. రెండు వందల మీటర్లు ఈదడానికి ఆమెకు పట్టిన సమయం మూడు నిమిషాల నలభై పాయింట్ ఎనిమిది సెకన్లు. హీట్స్‌లోనే, అంటే తొలి రౌండులోనే ఆగిపోయింది.

"అంటే ఓడిపోయిందా మాస్టారూ?" అని అడిగింది ఎవరో అందరికీ గుర్తుంది, పేరు రాస్తే నా మీదికి వస్తుంది. మాస్టారు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మనం వెళ్లేసరికి గట్టు వెంబడి టేపు పెట్టి కొలుస్తున్నారు. రేవు నుంచి చాకలి బండలు దాటి కాస్త అవతల వంద మీటర్ల దగ్గర సర్వి కర్ర పాతారు. "కిందికి వంద, మళ్లీ పైకి వంద. వాలుకి పోయింది ఎదురీదేటప్పుడు తెలుస్తుంది" అన్నారు. ఈత బాగా వచ్చినవాళ్లమే దిగాం. బెండ్లు లేవు, తాళ్లు లేవు. మాస్టారు వాచీ అరచేతిలో పట్టుకుని గట్టు మీద మనతోపాటే నడిచారు. కిందికి వెళ్లినంతసేపూ నవ్వుకుంటూ వెళ్లాం. కర్ర దగ్గర తిరిగామో లేదో, నీళ్లు గుండెకి అడ్డం పడ్డాయి. తన్నిన ప్రతిసారీ ముందుకెళ్లి, ఊపిరి తీసుకునేలోపు సగం వెనక్కి వచ్చేదాన్ని. చాకలి బండల మీద గుడ్డల మూట అక్కడే కనిపిస్తోంది, ఎంతకీ దాటదు. అప్పుడు గట్టు మీంచి మాస్టారి కేక వినిపించింది: "మూడు నలభై! ఆరతి గోడ ముట్టుకుంది!"

అందరం ఉన్నచోటే తలలెత్తి చూసుకున్నాం. రేవు ఇంకా అంత దూరాన ఉంది. మన పొడుగుకాళ్ల పిల్ల ఒక్కతే కాస్త దగ్గరలో ఉంది, అదీ చేరలేదు. ఒడ్డుకి వచ్చాక దగ్గుతూ, ఒగరుస్తూ మెట్ల మీద కూలబడ్డాం. పదకొండేళ్ల పిల్ల, ఊరుకాని ఊరు, ఫిన్లాండ్ చలి, పక్కన దేశదేశాల పెద్దవాళ్లు, ఆ వేగం. ఓడిపోయిందా అనే మాట మళ్లీ మన బ్యాచ్‌లో ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు ఈత నేర్పడమే నా వృత్తి కాబట్టి ఒక మాట చెబుతాను. ఆ పోటీలో స్వర్ణం హంగరీకి చెందిన ఎవా సెకెయ్‌ది, రెండు నిమిషాల యాభై ఒకటి పాయింట్ ఏడు. ఆరతికీ ఆమెకీ నలభై తొమ్మిది సెకన్ల తేడా. కానీ అప్పటి రూల్స్ ప్రకారం బ్రెస్ట్ స్ట్రోక్‌లో చేతులు బటర్‌ఫ్లైలాగా నీళ్లపైకి తీసి వేయవచ్చు. సెకెయ్ అలాగే ఈదింది. ఆ ఒలింపిక్స్ అయ్యాకే రెంటినీ వేరు చేశారు. ఈ సంగతి తెలియకుండా రెండు టైములూ పక్కపక్కన పెట్టి పెదవి విరిచేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఎనిమిదో తరగతి నాకు ఏమీ గుర్తులేదు. తొమ్మిదిలో లెక్కల మేడమ్ మారారని మీరు చెబితే గానీ తెలియలేదు. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న సముద్రం, ఆ ఇంగ్లిష్ ఛానల్ కథ మాత్రం మాట పొల్లుపోకుండా గుర్తుంది. 1958లో తూర్పు పాకిస్తాన్ నుంచి బ్రోజెన్ దాస్, ఆ వెంటనే మన మిహిర్ సేన్ ఛానల్ ఈదారు. ఆ ఉత్సాహంలో ఆరతి దేశబంధు పార్కు చెరువులో గంటల తరబడి ఆగకుండా ఈది సాధన చేసింది. 1959 ఆగస్టు 27న ఫ్రాన్స్ ఒడ్డు నుంచి దిగాలి. దారి చూపించే పడవ ఆలస్యంగా వచ్చింది. పోటీలో మిగతావాళ్లందరూ వెళ్లిపోయాక ఆమె బయల్దేరింది. అనుకూలమైన వేళ దాటిపోయింది. ఇంగ్లండ్ కొన్ని మైళ్ల దూరంలో ఉండగా ప్రవాహం ఎదురు తిరిగింది, పైకి లాగేశారు. సరిగ్గా ఇక్కడే లాంగ్ బెల్లు కొట్టారు, ఆ రోజు శనివారం! ఆదివారమంతా ఎంత టెన్షన్ పడ్డామో. మాస్టారింటికి వెళ్లి అడిగితే "సోమవారం" అని తలుపేసుకున్నారు.

సోమవారం వాన లేకపోయినా వరండాలోనే కూర్చున్నాం. సెప్టెంబరు 24న ఆమెకు పంతొమ్మిదేళ్లు నిండాయి. 29న ఫ్రాన్స్‌లోని కేప్ గ్రీ నే దగ్గర మళ్లీ దిగింది. పదహారు గంటల ఇరవై నిమిషాలు ఈది, ఇంగ్లండ్‌లోని శాండ్‌గేట్‌లో ఒడ్డెక్కి మన జెండా ఎగరేసింది. ఛానల్ ఈదిన మొదటి ఆసియా మహిళ. మరుసటి ఏడాది పద్మశ్రీ, క్రీడాకారిణుల్లో దేశంలోనే మొదటిది. మాస్టారు అప్పుడు తన లెక్కల పుస్తకంలోంచి ఆనాటి పేపర్ కటింగ్ తీశారు. మడతల దగ్గర చిరిగి, గోధుమ కాగితంతో అతికించి ఉంది. చేతికివ్వలేదు, ఒక్కొక్కరి ముందూ పట్టుకుని చూపించారు.

తర్వాత ఎవరి దారిన వాళ్లం వెళ్లాం. నేను విశాఖలో ఈత కోచ్‌ని. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు రాష్ట్ర పోటీల్లో పతకాలు తెచ్చారు, ఒక అమ్మాయి జాతీయ స్కూల్ గేమ్స్ దాకా వెళ్లింది, మరొకమ్మాయి ఆ పతకాలతోనే రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుంది. చాలామంది పన్నెండేళ్లకే రెండు వందల బ్రెస్ట్ స్ట్రోక్ మూడు నలభై లోపు ముగిస్తారు. వాళ్లకి గాగుల్స్ ఉన్నాయి, అల తగ్గించే లేన్ తాళ్లు ఉన్నాయి, నీళ్లలోంచి తీసిన వీడియోలున్నాయి. ముగించిన రోజున గట్టు మీంచి నేనూ అదే కేక వేస్తాను. ఆరతి ఎవరని అడుగుతారు. అప్పుడు అందరినీ ఒడ్డున కూర్చోబెడతాను.

ఆమె 1994లో కామెర్లతో పోయారు, యాభై నాలుగేళ్లయినా నిండలేదు. పిల్లలతో పోటీలకని కలకత్తా వెళ్లినప్పుడు వాకబు చేసుకుంటూ వాళ్ల వీధికి వెళ్లాను. ఇంటి దగ్గర ఆమె విగ్రహం పెట్టారు, చిన్న సందుకి ఆమె పేరు పెట్టారు. మా పిల్లలు విగ్రహం పక్కన ఫొటో దిగుతుంటే ఎదురింటి పెద్దావిడ బయటికొచ్చి ఎక్కణ్నుంచి వచ్చారని హిందీలో అడిగింది. ఆంధ్రా అంటే ఆశ్చర్యపోయి, అందరికీ మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ ఫొటో మాస్టారికి పంపించాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. కోడలుగారు పక్కన కూర్చుని ఒక్కొక్క పిల్లా ఎలా నిలబడిందో చెబితే విన్నారట. "గాగుల్స్ పెట్టుకుని ఈదుతారా వీళ్లు?" అని అడిగించారు.

కమిటీకి నా మనవి ఒకటే. మాస్టారి ఫొటో మన గ్రూప్ ఫొటోలో తప్ప ఎక్కడా లేదు, అందులోనూ ఆయన ఎండకి కళ్లు మూసుకున్నారు. ఎవరి దగ్గరైనా మంచిది ఉంటే సంచిక అచ్చుకి వెళ్లేలోపు పంపించండి. కలయిక జనవరిలో అంటున్నారు కాబట్టి కాలువలో నీళ్లుంటాయి. మా అకాడమీ పిల్లలు కొందరు నాతో వస్తున్నారు. వంద మీటర్ల దగ్గర కర్ర పాతే పని మన పొడుగుకాళ్ల పిల్లకి అప్పగిస్తున్నాను. ముందు రోజే వచ్చి టేపు పెట్టి కొలవాలి. అంచనాతో పాతితే ఒప్పుకోను.