ఆరన్ దీవిలో నాచు మళ్ళు

ఐర్లండ్ పడమటి ఒడ్డుకు కాస్త దూరంలో, అట్లాంటిక్ మహాసముద్రంలో వరసగా మూడు దీవులున్నాయి. ఆరన్ దీవులంటారు. వాటిలో పెద్దది ఇనిష్ మోర్. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది అక్కడి డూన్ ఎంగస్ కోట కోసం వెళ్తారు. నేను బంగాళాదుంప మళ్ళు చూద్దామని వెళ్ళాను. ఈ మాట చెబితే గాల్వేలో చదువుకుంటున్న మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "ఇంత దూరం వచ్చి ఎరువు చూస్తావా నాన్నా?" అంది. మిద్దె తోట పిచ్చి అలాంటిది మరి. సీసాలో వచ్చే సీవీడ్ (సముద్రపు నాచు) ద్రావణాన్ని మూతతో కొలిచి టమాటా మొక్కలకు చల్లుకునేవాణ్ణి. ఆ నాచునే గంపలకొద్దీ వీపు మీద మోసి, మట్టి లేని చోట మట్టి తయారు చేసుకున్న మనుషులున్నారంటే వెళ్ళకుండా ఉండగలనా?

మార్చిలో వెళ్ళాం. గాల్వే నుంచి బస్సులో రోసవీల్ రేవుకి, అక్కడి నుంచి ఫెర్రీ. ఫెర్రీ ప్రయాణం 40 నిమిషాలే గానీ, ఆ రోజు సముద్రం మంచి ఊపు మీద ఉంది. దాని గురించి ఇంకేమీ రాయను.

కిల్‌రోనన్ రేవులో దిగి సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఊరు దాటగానే తెలిసిపోతుంది ఇక్కడ నేల లేదని. కంటికి కనిపించేదంతా బూడిదరంగు సున్నపురాయి, పలకలు పలకలుగా పరుచుకుని ఉంది. పలకల మధ్య పొడవాటి పగుళ్ళు. వాన పడితే నీళ్ళు ఆ పగుళ్ళలోంచి కిందికి జారిపోతాయి. కాబట్టి అంత వాన పడే దీవిలో కూడా నీళ్ళకు కటకటే. గడ్డీ గాదం ఏదున్నా ఆ పగుళ్ళలోనే. ఇక గోడలు. ఎటు చూసినా అడ్డదిడ్డంగా రాతి గోడలు, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. రాళ్ళ సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. గాలి ఆ సందుల్లోంచి దూరి పోతుంది కాబట్టే గోడ నిలబడుతుందట. చాలా మళ్ళకు గేటు ఉండదు. ఆవును లోపలికి తోలాలంటే ఒకచోట రాళ్ళు తీసేసి, తోలాక మళ్ళీ పేర్చేస్తారు. ఎంత ఓపికండీ బాబూ!

మేం దిగిన ఇంటావిడకు నా సంగతి చెబితే, తన మరిది దుంపలు వేస్తున్నాడు, వెళ్ళి చూడండి అంది. ఐర్లండ్‌లో మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండుగ. తొలి విడత బంగాళాదుంపలు ఆ రోజుల్లోనే వేయడం పాత అలవాటు. మేం వెళ్ళేసరికి పెద్దాయన పార పట్టుకుని మడిలో ఉన్నాడు. వాళ్ళవాళ్ళతో ఐరిష్ మాట్లాడతాడు, మాతో ఇంగ్లిషు. ఎరువు కోసం ఇంత దూరం వచ్చామంటే ముందు నమ్మలేదు. నమ్మాక ఇక ఆగలేదు.

ఆ మడి మా ఇంటి హాలుకన్నా పెద్దదేం కాదు. శీతాకాలంలోనే గడ్డి మీద బారుగా నాచు పరిచి వదిలేశాడు. పరిచినప్పుడు మోకాలెత్తు ఉందట. మేం చూసేసరికి అణిగిపోయి, నల్లటి తొక్కలా నేలకు అంటుకుని ఉంది. నాచులో నూటికి 80 పాళ్ళు నీళ్ళే. చెట్ల కాండంలో ఉండే లిగ్నిన్ లాంటి గట్టి పదార్థం దాదాపు లేదు. అందుకే కొమ్మా రెమ్మా కుళ్ళడానికి ఏళ్ళు పట్టే చోట ఇది వారాల్లో మెత్తబడిపోతుంది. ఆ నల్లటి పొర మీద విత్తనం దుంపలు వరసగా పెట్టి, రెండు పక్కలా కాలవ తవ్వుతూ, ఆ మట్టిపెళ్ళల్ని తిరగేసి దుంపల మీద కప్పుతున్నాడు. కాలవలే మురుగు నీటికి దారి, మధ్యలో ఎత్తుగా లేచింది మడి.

అడిగి పార తీసుకుని ఒక చోట తవ్వి చూశాను. పైన నల్లటి పొర. దాన్ని వేలితో ఎత్తితే కింద నుంచి ఇసుక పురుగులు టపటపా ఎగిరాయి. తరవాత తెల్ల ఇసుక, అందులో గవ్వల ముక్కలు. ఇంకాస్త కిందికి పోతే ముదురు గోధుమరంగు మట్టి, చేత్తో పిండితే ముద్దవుతోంది, వదిలితే పొడిపొడిగా రాలుతోంది. ఒక జానెడు దిగానో లేదో, పార ఠంగుమని రాతికి తగిలింది. అంతే మట్టి!

"ఇదంతా మా తాతల పని" అన్నాడు పెద్దాయన. ముందు రాతి పగుళ్ళను చిన్న చిన్న రాళ్ళతో పూడ్చేవాళ్ళు, పైన వేసింది కిందికి జారిపోకుండా. దాని మీద ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక, ఇసుక మీద నాచు, మళ్ళీ ఇసుక, మళ్ళీ నాచు. పగుళ్ళలో గీకి తీసిన గుప్పెడు మట్టి ఎక్కడైనా దొరికితే అదీ. ఇలా ఏళ్ళ తరబడి వేస్తూ పోతే ఒక మడి తయారయ్యేది. మోత అంతా వీపు మీది గంపల్లో, కాస్త కలిగినవాళ్ళయితే గాడిదల మీద. తడి నాచు బరువు ఎంతుంటుందో ఒక్క చేతిసంచీడు ఎత్తి చూస్తే చాలు తెలుస్తుంది.

మధ్యాహ్నం ఆటు సమయానికి ఆయనే ఒడ్డుకి తీసుకెళ్ళాడు. తుఫానులు కొట్టినప్పుడు లోతు నీళ్ళలోని కెల్ప్ అనే పెద్ద రకం నాచు మొదలంటా పెకలివచ్చి ఒడ్డున గుట్టలు పడుతుంది. ఒక్కో ఆకు తోలు బెల్టులా మందంగా, నా పొడవుకి మించి ఉంది. మళ్ళకి వెళ్ళేది ముఖ్యంగా ఇదే. రాళ్ళను పట్టుకుని పెరిగే ఇంకో రకం ఉంది, ఆస్కోఫిల్లమ్. ఆలివ్ ఆకుపచ్చ రంగులో తీగలు, వాటి మీద అక్కడక్కడా గాలి బుడగలు. మొదటి కొన్నేళ్ళు గడిచాక ఏడాదికి ఒక్కో బుడగ చొప్పున వేస్తుంది. కాబట్టి బుడగలు లెక్కపెడితే తీగ వయసు సుమారుగా తెలుస్తుంది. మా అమ్మాయి ఒక తీగ పట్టుకుని లెక్కపెడుతూ కూర్చుంది, అప్పటిదాకా ఎరువంటే నవ్విన పిల్ల. మన దగ్గర సీసాల్లో దొరికే ద్రావణాల్లో కొన్ని ఈ ఆస్కోఫిల్లమ్ నుంచి తీసినవే. దీన్ని కోసేవాళ్ళు మొదలంటా కోయరు, మళ్ళీ చిగురించేలా అడుగున కొంత వదిలేస్తారు.

ఒడ్డున పడింది ఎవరికి దొరికితే వాళ్ళదే అనుకున్నాను. అలా కాదట. ఐర్లండ్ పడమటి తీరంలో ఫలానా ఒడ్డు మీద నాచు తీసుకునే హక్కు కొన్ని కుటుంబాలకు భూమి దస్తావేజుల్లోనే రాసి ఉంటుంది. దాని మీద తగాదాలు కూడా నడిచాయి. నాకు ఆశ్చర్యం వేయలేదు. పొలం గట్ల దగ్గర కొట్టుకునే మనకు ఇది అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

అసలు ఇందులో ఏముందని ఇంత తాపత్రయం? పశువుల ఎరువుతో పోలిస్తే నత్రజని ఇంచుమించు అంతే, పొటాష్ బాగా ఎక్కువ, భాస్వరం తక్కువ. దుంపకు కావలసింది పొటాషే కాబట్టి ఇక్కడ జోడీ కుదిరింది. భాస్వరం లోటు తీరడానికి పెద్దాయన కాస్త పేడ ఎరువు కూడా వేస్తాడు. బోరాన్, జింక్, మాంగనీస్ లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. నాచులోని ఆల్జినేట్ అనే జిగురు ఇసుక రేణువుల్ని పట్టి ఉంచుతుంది, తడిని ఆపుతుంది. నా చేతిలో ముద్దయింది ఆ మట్టే. పైగా కలుపు గింజలు దీంతో రావు, పశువుల ఎరువుతో వస్తాయని మనకు తెలుసుగా. నాచు పరిస్తే నత్తలు కూడా రావంటారు గానీ, ఆ మడి గట్టున రెండు నిక్షేపంగా పాకుతుండగా చూశాను.

సీసా సంగతి కూడా ఇక్కడే తేలింది నాకు. గుట్టలుగా వేసే నాచు మొక్కకు తిండి. సీసాలోది లీటరు నీళ్ళకు కొన్ని మిల్లీలీటర్లు. అందులో పొటాష్ ఉన్నా మొక్కకు అందేది నామమాత్రం. పనిచేసేది ఏదైనా ఉందంటే ఆక్సిన్లు, సైటోకైనిన్ల లాంటి హార్మోన్ పదార్థాలు. వేరు పట్టడానికీ, ఎండ దెబ్బ తట్టుకోవడానికీ కొంత సాయం. టానిక్ అనుకుని వాడితే పేచీ లేదు. కంపోస్టు మానేసి దీన్నే నమ్ముకుంటే మొక్క పస్తులుంటుంది. సీసా మీద బొమ్మలు మాత్రం ఇంకోలా చెబుతాయి!

మన తీరంలో నాచు దొరికేవాళ్ళు ఇది చూసి ఉత్సాహపడతారేమో. ఉప్పు సంగతి మరిచిపోకూడదు. ఆరన్‌లో శీతాకాలమంతా వాన నాచును కడుగుతూనే ఉంటుంది, ఉప్పు రాతి పగుళ్ళలోంచి పోతుంది. వాన తక్కువై, ఎండ ఎక్కువైన చోట అదే ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. కుండీల్లో మరీను. మంచినీళ్ళతో బాగా కడిగి, కంపోస్టులో కొద్దికొద్దిగా కలపడం మేలు. కొట్టుకొచ్చి ఒడ్డున పడిందాన్నే, అదీ కొంతే తీసుకోవాలి. ఇసుక పురుగులూ, వాటిని తినే పక్షులూ దాని మీదే బతుకుతాయి. ఏ తీరంలో తీయొచ్చో, ఎక్కడ నిషేధమో ముందు కనుక్కోవడం మంచిది.

మర్నాడు డూన్ ఎంగస్ కూడా చూశాం. కొండ అంచు నుంచి నిట్టనిలువుగా సముద్రం, అంచున కంచె లేదు. పొట్ట మీద పడుకుని కిందికి తొంగిచూడటం అక్కడి రివాజు. మా అమ్మాయి చూసింది. నేను వెనకే కూర్చున్నాను.

ఆ రాత్రి భోజనంలో ఇంటావిడ ఉడికించిన బంగాళాదుంపలు పెట్టింది, ఆ మళ్ళలోనే పండినవి, కిందటి ఏడాదివి. తొక్క పగిలి లోపల పిండిపిండిగా ఉన్నాయి, పైన వెన్న. సముద్రపు నాచులో పెరిగాయి కదా, ఉప్పగా ఉంటాయా అని మా అమ్మాయి అడిగింది. ఆవిడ నవ్వి ఉప్పు డబ్బా ఇటు జరిపింది.