ప్లైవుడ్ కంపెనీతో షీట్లు మార్పించుకున్నాను: నా అనుభవం

నిన్న సాయంత్రం కొత్త షీట్లు దిగాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మధురవాడలో మా ఫ్లాట్‌కి కిచెన్ చేయించాం. మన వైజాగ్ గాలిలో తేమ సంగతి తెలిసిందే కాబట్టి, ఖర్చయినా ఐఎస్ 710 (నీళ్లకు ఆగే ప్లైవుడ్‌కి ఉండే ప్రభుత్వ ప్రమాణం) ముద్ర ఉన్న 18 ఎంఎం మెరైన్ ప్లై కొన్నాం. మొదటి వానాకాలం దాటేసరికి సింక్ కింద తలుపులు ఉబ్బి, అంచుల దగ్గర పొరలు విడిపోయాయి.

షాపువాడు చేతులెత్తేశాడు. కంపెనీకి మెయిల్ పెడితే చూడటానికి మనిషిని పంపారు.

వచ్చిన కుర్రాడు షీట్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. మా ఆవిడ వైపు తిరిగి, "మేడమ్, కిచెన్ రోజూ బకెట్లతో కడుగుతారా?" అన్నాడు. ఎదురు ఫ్లాట్ వాళ్లు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "అలా ఎవరు కడుగుతారు బాబూ?" అందామె. వాడు నవ్వి, ఫారం మీద 'నీటి వాడకం ఎక్కువ' అని రాసి నన్ను సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. "ఇక్కడ ఇనుమే తుప్పు పడుతుంది సార్, చెక్కెంత?" అని పోతూ పోతూ ఓ మాట. మరి నీళ్లకు ఆగుతుందనే కదా మెరైన్ అని పేరు పెట్టి అంత డబ్బు గుంజింది! ఆ రాత్రి మా ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. నాకైతే షీట్ల కంటే ఆ మాటే ఎక్కువ మండింది.

మా మేస్త్రిది గాజువాక. "ఉండండి సార్, వాళ్ల సంగతి పొయ్యి మీదే తేలుద్దాం" అని ఓ ముక్క గిన్నెలో పడేసి మరిగించాడు. ఐఎస్ 710 అంటే 72 గంటలు మరిగించినా పొరలు ఊడకూడదు. మెరైన్ ప్లైలో పొరల్ని అతికించే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వేడినీళ్లకు లొంగదు, చవక రకాల్లో వాడే యూరియా జిగురు లొంగిపోతుంది. మా ముక్క భోజనాల వేళకే పేకముక్కల్లా విడిపోయింది. అంతా వీడియో తీశాం.

ముద్ర ఎక్కడుందని వెతికితే, షీట్లన్నిటి మీదా పైన అతికించిన లామినేట్ కింద పోయింది. అదృష్టం ఏమిటంటే, మిగిలిన ముక్కతో మేస్త్రి తన మనవడికి పీట చేసుకున్నాడు. దాన్ని తిరగేస్తే ముద్ర ఉంది! అందులోని సీఎం/ఎల్ నంబరు, అంటే లైసెన్సు నంబరు, ఈ ముద్రలిచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టాను. లైసెన్సు నిజమే, కానీ ఐఎస్ 303కి, అంటే మామూలు ప్లైవుడ్‌కి. స్టోర్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాగితాల్లో నన్ను మోసం చేద్దామంటే కుదురుతుందా?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు, వీడియో, యాప్ స్క్రీన్‌షాట్ కంపెనీకి పంపాను. అంతే, గొంతు మారిపోయింది. "సార్, మీరు మాకు పెద్దవారు" అంటూ ఫోన్లు. మీరూ షీట్ కోయకముందే ముద్ర ఫోటో తీసుకోండి, జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి. 'మనవాడే' అన్న షాపులో అసలు కొనకండి.

ఈసారి ఆటోలోంచి దింపకముందే నంబరు చూశాను, 710కే ఉంది. లామినేట్, కూలీ మాత్రం ఇవ్వరట, వారంటీలో లేవట. 'పూర్తి సంతృప్తి' అన్న కాగితం మీద ఆ రెండు మాటలూ కొట్టేసి, 'షీట్లు మాత్రమే అందాయి' అని రాసి సంతకం పెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, సరుకుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేస్త్రి కూలీ రసీదు రాసివ్వగానే కేసు వేస్తున్నాను.