జాలీ అవతల మైదానం

అమెరికాలో కాన్సస్ సిటీ బేస్‌బాల్ టీమ్ రాయల్స్. శనివారం సాయంత్రం వాళ్ల మ్యాచ్‌కి మా మరిది టికెట్లు తీసుకున్నాడు. "మ్యాచ్ కంటే ముందు పెద్దమ్మని పద్దెనిమిదో వీధికి తీసుకెళ్లాలి" అని పట్టుబట్టింది మాత్రం మా చెల్లెలి కొడుకు. వాడికి పన్నెండేళ్లు. వాళ్ల పేటలో పిల్లల టీమ్‌కి పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. చెల్లెలు వాళ్లుండేది ఓవర్‌లాండ్ పార్క్‌లో. అక్కడి నుంచి కాన్సస్ సిటీ నడిబొడ్డుకి కారులో అరగంట. దారి పొడుగునా వాడు నాకు ఆట నేర్పుతూనే ఉన్నాడు. క్రికెట్ చూస్తూ పెరిగిన మనిషిని కాబట్టి తొందరగానే పట్టుబడింది.

పద్దెనిమిదో వీధి, వైన్ వీధి కలిసే మూల అది. ఒకప్పుడు ఈ ఊళ్లో నల్లవాళ్ల బతుకంతా ఈ చుట్టుపక్కలే: హోటళ్లు, దుకాణాలు, జాజ్ క్లబ్బులు. ఇప్పుడు అక్కడ ఒకే భవనంలో జాజ్ మ్యూజియం, నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం ఉన్నాయి. బేస్‌బాల్ మ్యూజియం 1990లో ఒక చిన్న గదిలో మొదలై, 1997లో ఇక్కడికి వచ్చింది.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఒక మైదానం. మైదానం నిండా ఆ లీగుల్లో పేరుమోసిన ఆటగాళ్ల నిలువెత్తు కంచు విగ్రహాలు. పిచ్చర్ చోట సాచెల్ పేజ్, బ్యాటు పట్టుకుని మార్టిన్ దిహీగో, అతని వెనక గొంతుక్కూర్చుని బంతి కోసం చూస్తున్న జాష్ గిబ్సన్. కానీ వాళ్లకీ మనకీ మధ్య ఒక జాలీ ఉంది. మన కోళ్ల ఫారాల్లో కొడతారే, ఆరు పలకల కళ్లున్న సన్న ఇనుప తీగ జాలీ, అచ్చం అదే. వేలు పెట్టి చూశాను, చల్లగా తగిలింది. ఆ రోజుల్లో చాలా స్టేడియాల్లో నల్లవాళ్లని వేరే కూర్చోబెట్టేవారు, దానికి గుర్తుగా పెట్టారట. "ఇప్పుడు లోపలికి వెళ్లకూడదు పెద్దమ్మా. మొత్తం చుట్టి వచ్చాకే" అన్నాడు మావాడు.

అలా చుట్టి రావడానికి మాకు రెండు గంటలు పట్టింది. మేజర్ లీగులనే పెద్ద లీగులు నల్ల ఆటగాళ్లకి తలుపులు మూసేసిన కాలంలో, 1920 ఫిబ్రవరిలో, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పాసియో వైఎంసీఏలో ఒక టీమ్ యజమాని రూబ్ ఫాస్టర్ మిగతా టీముల యజమానుల్ని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టించాడు. అందులో ఈ ఊరి టీమ్ కాన్సస్ సిటీ మొనార్క్స్. యజమాని విల్కిన్సన్ తెల్లవాడు. లీగుల విజేతలు చివర్లో తలపడే పోటీ వరల్డ్ సిరీస్. 1924లో జరిగిన మొట్టమొదటి నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది మొనార్క్సే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేసింది మాత్రం లైట్ల సంగతి. పగలంతా పనికి పోయే జనం ఆట చూసేదెప్పుడు? అందుకని 1930లో విల్కిన్సన్ అప్పులు చేసి మరీ లైట్లు చేయించాడు. ట్రక్కుల మీద స్తంభాలు, వాటి మీద దీపాలు, పక్కన హోరెత్తించే జనరేటర్. ఆ సరంజామా అంతా వెంటేసుకుని మొనార్క్స్ ఊరూరా తిరిగి రాత్రిపూట ఆడారు. మన పల్లెల్లో పెట్రోమాక్స్ దీపాలతో తిరిగిన నాటకాల కంపెనీలు గుర్తొచ్చాయి. పెద్ద లీగులో మొదటి రాత్రి మ్యాచ్ సిన్సినాటిలో 1935లో జరిగింది. అంటే అయిదేళ్ల తర్వాత!

నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ 1945లో మొనార్క్స్‌కే ఆడాడు. 1947 ఏప్రిల్ 15న పెద్ద లీగు టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, నల్లవాళ్లకి ఆ లీగుల తలుపు తెరిచాడు. అతన్ని తీసుకున్నందుకు డాడ్జర్స్ మొనార్క్స్‌కి పైసా కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత మంచి ఆటగాళ్లంతా ఒక్కొక్కరే అటు వెళ్లారు, నీగ్రో లీగులు ఎండిపోయాయి. వాళ్లు వెళ్లడం న్యాయమే. కానీ ఆ టీముల్ని కట్టి నిలబెట్టినవాళ్ల చేతిలో ఏం మిగిలిందన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

చివర్లో తలుపు వచ్చింది. జాలీ దాటి మైదానంలోకి అడుగు పెట్టాం. మావాడు పేజ్ విగ్రహం పక్కన నిలబడి అతనిలాగే కాలెత్తి చూపించాడు.

అక్కణ్ణుంచి బ్రూక్లిన్ అవెన్యూ, ఇరవై రెండో వీధి మూలకి వెళ్లాం. 1923లో కట్టిన స్టేడియం ఉన్న చోటు అది. 1976లో పడగొట్టారు. ఇప్పుడంతా ఇళ్లు, ఒక చిన్న తోట. మొనార్క్స్ ఇక్కడే ఆడేవారు. తెల్లవాళ్ల చిన్న లీగు టీమ్ బ్లూస్ కూడా ఇక్కడే. బ్లూస్ మ్యాచ్‌కి వస్తే నల్లవాళ్లు వేరే కూర్చోవాలి. మొనార్క్స్ మ్యాచ్‌కి మాత్రం ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. స్టేడియం ఒకటే, కూర్చునే పద్ధతులు రెండు!

1955లో ఫిలడెల్ఫియా నుంచి అథ్లెటిక్స్ వచ్చి ఇక్కడ దిగారు. ఊరికి పెద్ద లీగు టీమ్ వచ్చిందని పండగ చేసుకున్నారు. మొదటి బంతి విసిరింది మాజీ ప్రెసిడెంట్ ట్రూమన్. పదమూడు సీజన్లు ఆడి, ఒక్క దాంట్లో కూడా ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు తేలేకపోయారు. మంచివాళ్లు తయారైతే న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లిపోయేవారు. అలా పంపేసిన రోజర్ మారిస్ 1961 సీజన్‌లో 61 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టి రికార్డు పెట్టాడు. 1967 సీజన్ అయ్యాక యజమాని ఫిన్లీ టీమ్‌ని ఓక్లాండ్‌కి తీసుకుపోయాడు. అక్కడ 1972 నుంచి వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచారు. పదమూడేళ్లు ఓర్చుకున్న ఊరికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో!

ఆ పదమూడేళ్లలో నేనొక్క రాత్రినే ఏరుకుంటాను. 1965 సెప్టెంబర్ 25. యాభై తొమ్మిదేళ్ల సాచెల్ పేజ్ చేత ఫిన్లీ బోస్టన్ టీమ్ మీద బంతి వేయించాడు. జనాన్ని రప్పించడానికని ఊగే కుర్చీ, పక్కన ఒక నర్సు, ఇలాంటి హంగులన్నీ పెట్టాడు. పేజ్ మాత్రం మూడు ఇన్నింగ్స్ వేసి (ఇక్కడ ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే) ఒక్క పరుగూ ఇవ్వలేదు. వాళ్లు కొట్టింది ఒకే ఒక్క హిట్. పక్కింటివాళ్ల గడ్డి కోసే మిషన్ చప్పుడు వింటూ, ఇక్కడే కదా అది జరిగింది అనుకుంటూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

సాయంత్రం కాఫ్‌మన్ స్టేడియం. మందుల కంపెనీ పెట్టిన ఈవింగ్ కాఫ్‌మన్ డబ్బుతో 1969లో రాయల్స్ వచ్చారు. స్టేడియం 1973లో తెరిచారు. రాయల్స్ 1985లో ఒకసారి, 2015లో ఒకసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. మైదానం అవతల ఫౌంటెన్లు, పైన కిరీటం బొమ్మతో స్కోరుబోర్డు, చుట్టూ నీలం కుర్చీలు. వాటి మధ్య, బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక వైపు ఒకే ఒక్క ఎర్ర కుర్చీ.

అది బక్ ఓనీల్ పేరు మీద ఉంచిన కుర్చీ. మొనార్క్స్‌కి ఆడాడు, తర్వాత మేనేజర్ అయ్యాడు, ముసలితనంలో ఆ మ్యూజియం కోసం ఊరూరా తిరిగాడు. 2006లో నీగ్రో లీగులకి చెందిన పదిహేడు మందిని, బేస్‌బాల్ గొప్పవాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ జాబితాలో ఆయన పేరు లేదు. ఆ పదిహేడు మందిలో ఒక్కరూ బతికి లేరు. అయినా తొంభై నాలుగేళ్ల ఓనీల్ ఆ వేడుకకి వెళ్లి, వాళ్ల తరఫున మాట్లాడి, అందరి చేతా పాట పాడించి వచ్చాడు. ఆ అక్టోబర్‌లోనే పోయాడు. ఆయనకి చోటు 2022లో దక్కింది. ఊరికి మంచి చేసిన ఒకరిని వెతికి, మ్యాచ్ మ్యాచ్‌కీ ఆ కుర్చీలో కూర్చోబెడతారు.

ఆ రోజు అందులో నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ కూర్చుంది. పెద్ద తెర మీద చూపించగానే లేచి రెండు చేతులూ ఊపింది. ఆవిడకి ముందు, మైదానానికి అడ్డంగా కట్టిన వల మీద నా చూపు ఆగిపోయింది. పొద్దున వేలికి తగిలిన ఇనుప చల్లదనం మళ్లీ గుర్తొచ్చింది.

మావాడు నా వైపు చూశాడు. "అది బంతి తగలకుండా కట్టింది పెద్దమ్మా" అన్నాడు.